నిజాం రూపాయిలో ‘ఐన్’ తేడా: కేసు నిలవాలంటే ఏం కావాలి?

ప్రశ్న: మా నాన్నగారు నిజాం నాణేలు పోగుచేసేవారు. హిజ్రీ 1330 (1911–12) చార్మినార్ రూపాయిలో, చార్మినార్ బొమ్మ ద్వారం మధ్య ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం సగమే ఉండే రకం కోసం చివరిదాకా వెతికారు. ఆయన పోయాక ఆయన గుర్తుగా సుల్తాన్ బజార్‌లో ఒక వ్యాపారి దగ్గర రూ. 28,000కు కొన్నాను. ముందు వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. 22 నెలలైంది. ఈమధ్య తెలిసినవాళ్లు భూతద్దంతో చూసి ఇది పూర్తి ‘ఐన్’ ఉన్న మామూలు నాణెమే అన్నారు. అడిగితే ‘వెండి నాణెమే ఇచ్చాగా’ అంటున్నాడు. బిల్లులో ‘పాత వెండి నాణెం–1’ అని మాత్రమే ఉంది. నాణేన్ని అమెరికా పంపి గ్రేడింగ్ (అసలుదనం, నాణ్యత నిర్ధారణ) చేయించమని స్నేహితుడి సలహా. నాన్నకు అన్యాయం చేశానని నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: నాణెం అసలుదా, నకిలీదా అన్నది ఇక్కడ వివాదమే కాదు. డబ్బు తీసుకునేముందు వ్యాపారి దాన్ని ఏమని చెప్పి అమ్మాడు, ఆ మాట రాతలో ఉందా అన్నదే మీ కేసు. ‘సగం ఐన్’ అని వాట్సాప్‌లో రాసి ఉంటే, 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 కింద నాణెం ఆ వర్ణనకు సరిపోవాల్సిందే. నోటిమాటే అయితే నిరూపించడం కష్టం. రూ. 28,000 ఇచ్చి అలాంటి బిల్లు ఎలా తీసుకున్నారండీ? రకం పేరు రాయమని అక్కడే పట్టుబట్టాల్సింది.

నాణెం మీది సంవత్సరం మీకు సాక్ష్యం కాదు. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక చార్మినార్ ద్వారంలో ముందటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మొదటి అక్షరం ‘మీమ్’ పోయి, ఉస్మాన్ పేరు మొదటి అక్షరం ‘ఐన్’ వచ్చింది. 1330 తేదీతో సగం ఐన్ నాణేలూ ఉన్నాయి, పూర్తి ఐన్ నాణేలూ ఉన్నాయి. రెంటికీ బరువు 11.18 గ్రాముల దగ్గరే, కాబట్టి తూకం వేయించడం దండగ. తేడా ఉన్నది ఆ చిన్న ద్వారంలోనే.

నోటీసు ఇచ్చేముందు ఒక పని చేయండి. వ్యాపారి పంపిన ఫొటోను పెద్దది చేసి, అంచు దగ్గరి గీతలు, నొక్కులు, అచ్చులోని పగుళ్ల వల్ల పడ్డ గీతలు మీ చేతిలోని నాణెంతో పోల్చండి. గీతలు కలిస్తే నాణెం అదే, అతని మాట తప్పు. కలవకపోతే ఒకటి చూపించి ఇంకొకటి ఇచ్చాడు. ఈ రెండూ వేర్వేరు ఆరోపణలు, నోటీసులో తికమకపడితే అవతలి లాయరు అక్కడే పట్టుకుంటాడు. నాణేన్ని తోమకండి, పాలిష్ పెట్టకండి. పాత ఫోన్ అమ్మకండి. చాట్‌ను రుజువుగా పెట్టాలంటే ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 అడిగే సర్టిఫికెట్ కావాలి.

అమెరికా మాట వెంటనే మానుకోండి. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ దాన్ని దేశం దాటించకూడదు. కొరియర్ చేశారంటే సెక్షన్ 25 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. మోసపోయిన మీరే ముద్దాయి అవుతారు. అలాగే, సగం ఐన్ అని చెప్పి ఇంకొకరికి అంటగట్టి డబ్బు రాబట్టుకుందామనీ అనుకోకండి, అది మోసం కేసు.

ఇక గడువు. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు. తేడా ఈమధ్యే తెలిసిందన్న వాదన ఉన్నా దాన్ని నమ్ముకోకండి, కొన్న రోజు నుంచే లెక్కేసుకోండి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. నోటీసు పంపినంత మాత్రాన, వ్యాపారి ‘చూద్దాంలే’ అన్నంత మాత్రాన గడువు ఆగదు. ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు. మీరుండే చోటే వేయవచ్చు, ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. నాన్నగారి గుర్తుగా కొన్నానని అందులో స్పష్టంగా రాయండి. తిరిగి అమ్మడానికి కొన్నారని తేలితే మీరు వినియోగదారు కారంటారు.

ఇన్నాళ్లు ఉంచుకున్నారు కాబట్టి నాణెం వెనక్కి తీసుకోనని అతను వాదిస్తాడు. అందుకే మొదట పూర్తి డబ్బు, వడ్డీతో సహా అడగండి. ప్రత్యామ్నాయంగా రెండు రకాల ధరల మధ్య తేడా, పరిహారం అడగండి. నిపుణుడి అభిప్రాయం ఇక్కడే దొరుకుతుంది: రాష్ట్ర హెరిటేజ్ శాఖకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి, నిపుణుడి పరిశీలన కోరుతూ కమిషన్‌లోనూ పిటిషన్ వేయండి. ముందు ఆ చాట్ తెరిచి ‘సగం’ అన్న మాట ఉందో లేదో చూసి, ప్రింట్ తీసుకుని దగ్గర్లోని లాయరును కలవండి.