కత్తిసాములో చెయ్యి ముందు, అడుగు తరువాత

పాత యూరోపియన్ కత్తిసామును మొద్దు కత్తులతో అభ్యసించేవారు, దెబ్బ తినకుండా పోరాడాలంటే ముందుగా ఏ సూత్రాలు నేర్చుకోవాలని మీరు అడిగారు. నేను కొన్నేళ్లుగా లండన్‌లో బ్యాక్‌స్వోర్డ్, అంటే ఒకవైపే పదునుండి పిడికి ఇనుప బుట్ట ఉండే కత్తి, సాధన చేస్తున్నాను. కాబట్టి ఆ విద్యకు ఆధారమైన, ఆంగ్ల కత్తిసాము రచయిత జార్జ్ సిల్వర్ పద్ధతినే చెబుతాను.

సిల్వర్ 1599లో ‘పారడాక్సెస్ ఆఫ్ డిఫెన్స్’ ప్రచురించాడు. లండన్‌లో ఇటాలియన్ గురువులు నేర్పుతున్న రేపియర్, అంటే ముఖ్యంగా పొడవడానికి వాడే సన్నని పొడవాటి కత్తి, విద్య వల్ల పోరాడిన ఇద్దరూ ఒకరినొకరు పొడుచుకుని చనిపోతున్నారన్నది అతని ప్రధాన ఆరోపణ. దూరం గురించి, సమయం గురించి ఇటాలియన్లు కూడా ఎంతో సూక్ష్మంగా రాశారు కనుక, వారిపై అతని కోపంలో న్యాయం తక్కువేనని నా అభిప్రాయం. అయినా, ప్రత్యర్థిని కొట్టి తానూ ప్రాణం పోగొట్టుకునేవాడికి విద్య వచ్చినట్టు కాదన్న అతని మాటను మాత్రం నేను పూర్తిగా నమ్ముతాను.

1898లో గాని అచ్చుకాని అతని మరో రచనలో నాలుగు మూలాధారాలు కనిపిస్తాయి: వివేచన, దూరం, సమయం, స్థానం. వివేచనతో దూరాన్ని కాపాడుకుంటే ఆ దూరం సమయాన్నిస్తుంది, ఆ సమయంలో స్థానం దక్కుతుంది. స్థానమంటే అడుగు వేయనవసరం లేకుండా, చెయ్యి చాచినంతనే ప్రత్యర్థికి కత్తి తగిలే చోటు. ప్రత్యర్థి అడుగు వేయనిదే మిమ్మల్ని అందుకోలేనంత దూరంలో నిలబడితే, అతడు ఆ స్థానానికి రావడానికి పాదం కదపక తప్పదు. పాదం కంటే చెయ్యి వేగమైనది కనుక, అతని అడుగు నేలను తాకేలోపు అతని చేతిపై వేటు వేయడానికో, దెబ్బను అడ్డుకోవడానికో, వెనక్కి జరగడానికో మీకు వ్యవధి దొరుకుతుంది.

మీరు దాడి చేసేటప్పుడు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. ముందు చెయ్యి, దాని వెంట శరీరం, ఆ తరువాత పాదం కదలాలి. దీన్ని సిల్వర్ ‘నిజమైన కాలం’ అన్నాడు. కత్తి ఇంకా వెనుకే ఉండగా పాదంతో ముందుకు దూకితే, రక్షణ లేని ఒంటిని ఎదుటివాడి కత్తికి అందించినట్టే అవుతుంది. మా బృందంలో కొత్తగా చేరినవారికి అన్నిటికంటే కష్టమనిపించేది ఈ క్రమమే. నడకలో కాళ్లు ముందుండడం శరీరానికి పుట్టుకతో వచ్చిన అలవాటు కావడం వల్ల, నెమ్మదిగా, ఓపికగా చేసిన సాధనతోనే అది మారుతుంది.

దాదాపు అందరూ వదిలేసే సూత్రం మరొకటుంది: బయటికి రావడం. లోపలికి చొచ్చుకుపోయేటప్పుడే వెనక్కి తప్పుకునే ఆలోచన కూడా మనసులో సిద్ధంగా ఉండాలంటాడు సిల్వర్. పదునైన కత్తి తగిలినవాడు కూడా వెంటనే కూలిపోడు, ఆ క్షణంలో తిరిగి కొట్టగలడు. అందుకే దెబ్బ వేసిన తరువాత కత్తిని ఇద్దరి మధ్యే ఉంచి, అవతలి కత్తికి అందనంత వెనక్కి వచ్చేదాకా ఆ చర్య ముగియలేదనే భావించాలి. కొన్ని పోటీలలో దెబ్బ తిన్న వ్యక్తి వెంటనే వేసే ఎదురుదెబ్బను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

రక్షణ సామగ్రి గురించి క్లుప్తంగా చెబుతాను. తల వెనుక భాగాన్ని కూడా కప్పే మాస్కు, గొంతు కవచం, గట్టి చేతి తొడుగులు లేకుండా పూర్తి వేగంతో తలపడవద్దు. పోటు వేసినప్పుడు వంగే అలుగున్న కత్తినే ఎంచుకోండి. అయితే ఒంటినిండా కవచం ఉన్నప్పుడు భయం తగ్గి, ఇద్దరూ ఒకేసారి మీదికి దూకడం ఎక్కువవుతుంది. అందువల్ల వారంలో కొంత సమయమైనా సగం వేగంతో ఆడండి, ఇద్దరికీ తగిలితే ఇద్దరూ ఓడినట్టు, బయటికి వచ్చేటప్పుడు దెబ్బ తింటే అంతకుముందు వేసిన దెబ్బ కూడా చెల్లనట్టు ముందే ఒప్పందం చేసుకోండి.