సీటు కన్నా ముందు నాలుగేళ్ల లెక్క

బిడ్డా,

ఎప్‌సెట్‌లో నీకు 31 వేల ర్యాంకు వచ్చిందని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైంది. దాని వెంటనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఏదో కాలేజీ పీఆర్వో నర్సంపేట నుంచి మీ ఊరి దాకా బండి మీద వచ్చి, 20 వేలు కట్టి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే కంప్యూటర్ సైన్స్ సీటు ఇప్పుడే ఖాయం చేస్తానన్నాడట. కౌన్సెలింగ్ దాకా ఆగితే సీటు దొరకదని భయపెట్టాడట. ఆ పైసలు కట్టకండి. మెమోలు, టీసీ అసలే ఇవ్వకండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను. నువ్వు చదువుకో, అమ్మకూ బాపుకూ చదివి వినిపించు.

నా ఉద్యోగమంతా హన్మకొండలో కాలేజీ స్కాలర్‌షిప్ కౌంటర్ దగ్గరే గడిచిందని నీకు తెలుసు. ఆ కౌంటర్ ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్లో చదువు రాక ఏడ్చినవాళ్లు తక్కువ. చేరేటప్పుడు ఇంట్లో ఎవరూ కాగితం మీద లెక్క వేయకపోవడం వల్ల మూడో ఏడాదిలో ఇరుక్కుపోయినవాళ్లే ఎక్కువ. అందుకే నేను ముందు కాలేజీ పేరు అడగను, లెక్క అడుగుతాను.

ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నిండుతాయి, 30 శాతం కాలేజీ వాళ్లే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా. ఆ పీఆర్వో చెప్పింది మేనేజ్‌మెంట్ సీటు గురించి. ఆ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కౌన్సెలింగ్ అయిపోయాక కాలేజీలో స్పాట్ అడ్మిషన్ తీసుకున్నా రాదు. "స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని నోటి మాట చెబుతారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లికేషన్ పెట్టే రోజు వచ్చాక గానీ అది అయ్యే పని కాదని తెలియదు. అప్పటికి ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో ఉంటాయి.

కన్వీనర్ సీటు వచ్చినా పూర్తి ఫీజు ప్రభుత్వం కట్టదు, ఇది కూడా బాపుకు తెలియాలి. బీసీ పిల్లల్లో 10 వేల లోపు ర్యాంకు వాళ్లకు పూర్తి ఫీజు ఇస్తారు. ఆ పైన ర్యాంకు వాళ్లకు ఏడాదికి 35 వేల వరకే. అది కూడా పల్లెటూళ్లలో కుటుంబ ఆదాయం 1.5 లక్షల లోపు ఉండి, నీ హాజరు 75 శాతం ఉంటేనే. ఫీజు నియంత్రణ కమిటీ ఒక కాలేజీకి 1,10,000 ఖరారు చేసిందనుకో. 35 వేలు పోను 75 వేలు మన చేతి నుంచి పోతాయి. నాలుగేళ్లకు 3 లక్షలు. దాని మీద పరీక్ష ఫీజు, స్పెషల్ ఫీజు, పుస్తకాలు, ఒక ల్యాప్‌టాప్, హాస్టల్. ఈ అంకెలన్నీ ఒక నోట్‌బుక్కులో ఏడాది వారీగా రాయి. ఊహించి వేయకు. ప్రతి కాలేజీకి పోయి, ట్యూషన్ ఫీజు కాకుండా ఏడాదికి ఇంకా ఏమేం కట్టించుకుంటారో అడిగి రాసుకో. రాసివ్వడానికి వెనకాడే కాలేజీ ఉంటే దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ వేయరు. రీయింబర్స్‌మెంట్ మంజూరైనా పైసలు చదువు అయిపోయే లోపు కాలేజీకి చేరతాయన్న నమ్మకం లేదు. బకాయిలు ఏళ్ల తరబడి ఆగడం మన దగ్గర మామూలైపోయింది. ఒకసారి కౌంటర్ దగ్గరికి పరకాల వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. పిల్లవాడి బీటెక్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, సోమవారం హైదరాబాద్‌లో చేరాలి. వాళ్లు ఒరిజినల్స్ అడిగారు. ప్రభుత్వం నుంచి రావాల్సిన రెండేళ్ల బాకీ కడితేనే ఇస్తామని మేనేజ్‌మెంట్ అన్నది. ఆ తండ్రి పొద్దున్నే ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి నేరుగా వచ్చాడు. సరుకు అమ్మినందుకు ఇచ్చే తక్‌పట్టీ చీటీ ఇంకా చొక్కా జేబులోనే ఉంది, చేతులకు మిర్చి ఘాటు అంటుకునే ఉంది. కళ్లు తుడుచుకుంటే మండుతాయని భుజంతో తుడుచుకున్నాడు. పైసలు కట్టి కాగితాలు తీసుకుపోయాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చేరే రోజు ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ వెంట తెచ్చుకోవడం నీ హక్కు. టీసీ ఒక్కటి ఇవ్వక తప్పదు, మిగతా వేటికీ ఒప్పుకోకు. మొహమాటపడి ఏదైనా ఇవ్వాల్సి వస్తే రసీదు లేకుండా ఇవ్వకు. ఆ 35 వేలను నోట్‌బుక్కులో "రావాలి" అనే గడిలో రాయి, "వచ్చింది" అనే గడిలో రాయకు.

ఇప్పుడు పైసలు ఎక్కడి నుంచి తేవాలో మాట్లాడుకుందాం. ఇది మీ బాపు కోసం.

మన ఇళ్లలో కష్టం ఏమిటంటే, కాలేజీ ఫీజు అడిగేదీ పత్తి విత్తనాలకు, యూరియాకు ఖర్చు పెట్టేదీ ఒకే కాలం. వానాకాలంలో చేతిలో చిల్లిగవ్వ ఉండదు. పత్తి పైసలు దీపావళి దాటితే గానీ రావు, మిర్చి ఎండాకాలం మొదట్లో. అందుకే మనవాళ్లు ఆగస్టులో మిత్తికి తెస్తారు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 24 శాతం అది. ఏడాదికి 75 వేల చొప్పున నాలుగేళ్లు తెస్తే, చదువు అయ్యే రోజుకు మిత్తి ఒక్కటే 1,80,000 అవుతుంది. అదే బ్యాంకులో పది శాతం వేసుకున్నా 75 వేలు దాటదు. ఆ తేడాతో నీ హాస్టల్ ఖర్చు చాలావరకు వెళ్లిపోతుంది.

చిట్టీ ఎత్తుదామని కూడా బాపు అన్నాడు. ఓరుగల్లులో చిట్టీ లేని ఇల్లు ఎక్కడుంది! కానీ 5 లక్షల చిట్టీని మొదటి నెలల్లో పాడుకోవాలంటే 3,60,000కు పాడాల్సి రావచ్చు. డివిడెండ్ కొంత తిరిగొచ్చినా, 1,40,000 కోతకు ఒప్పుకొని, పైగా జమానతుకు ఒక గవర్నమెంట్ ఉద్యోగిని బతిమాలాలి. చిట్టీని చివరి దాకా ఉంచితే నీ ఆఖరి ఏడాదికో, తమ్ముడి చదువుకో పనికొస్తుంది. ఇప్పుడు పాడొద్దని చెప్పు.

బ్యాంకు లోన్ అంటే బాపుకు భయం. భూమి కాగితాలు పెట్టాలేమో అనుకుంటున్నాడు. 7.5 లక్షల లోపు విద్యా రుణానికి తాకట్టు అక్కర్లేదు, 4 లక్షల వరకు మన వాటా కూడా కట్టమని అడగరు. చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఏడాదీ కిస్తీ ఉండదు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, నాక్ గానీ ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉన్న చోట చదివితే ఆ కాలానికి వడ్డీ కేంద్రమే భరించే పథకం ఉంది. అప్లికేషన్ విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టాలి. లోన్ మీద బాపు సంతకం కూడా ఉంటుంది కాబట్టి, ఆయన పంట రుణం రెన్యువల్ కాకుండా పడి ఉంటే ముందు అది సరి చేయించండి. మేనేజర్ మొదట చూసేది అదే.

నీకు ఇంకో దారి ఉంది. ఏఐసీటీఈ ఆడపిల్లలకు ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు, నేరుగా నీ ఖాతాలోకి వస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, బీటెక్ మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. అందరికీ రాదు, మెరిట్ చూస్తారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు రెండు ఒకేసారి తీసుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు. కాబట్టి అప్పుడు ఏది తీసుకోవాలో నువ్వూ నేనూ కూర్చొని చూద్దాం.

ఇక వెబ్ ఆప్షన్లు, అంటే మనకు కావలసిన కాలేజీలు, బ్రాంచీలు కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో వరుసగా పెట్టే సంగతి. చాలామంది వీటిని నెట్ సెంటర్ పిల్లవాడికి అప్పజెప్పి బయట టీ తాగుతారు. కొన్ని చోట్ల కాలేజీ మనుషులే ఓటీపీ అడిగి, తమ కాలేజీని పైన పెట్టి ఫ్రీజ్ చేసిన సంగతులు నాకు తెలుసు. నీ పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పకు, ఫోన్ నీ చేతిలోనే ఉంచుకో. ఆ వెబ్‌సైట్‌లోనే పోయిన ఏడాది చివరి ర్యాంకులు కాలేజీ వారీగా, బ్రాంచి వారీగా ఉంటాయి. బీసీ-డీ గర్ల్స్ కాలమ్ చూడు. ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు ఆడపిల్లలవి కాబట్టి ఆ కాలమ్‌లో అంకె వేరుగా ఉంటుంది. కంప్యూటర్ మన వరుసను పైనుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకు దొరికే మొదటి సీటు ఇస్తుంది. అందుకని ఆశ ఉన్నవి పైన పెట్టినా నష్టమేమీ లేదు. చేరడం ఇష్టం లేని కాలేజీ మాత్రం ఆఖరి వరుసలో కూడా పెట్టకు.

పైన ఏవి పెట్టాలంటావా? కాకతీయ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలు, జగిత్యాల, మంథని, సిరిసిల్లల్లో ఉన్న జేఎన్‌టీయూ కాలేజీలు ముందు చూడు. వాటిలోనూ రెగ్యులర్ కోర్సా, సెల్ఫ్ ఫైనాన్సా అని చూసుకో, ఫీజు వేరుగా ఉంటుంది. ప్రైవేటువి పెట్టేటప్పుడు ఎన్‌బీఏ గుర్తింపు ఆ బ్రాంచికి ఉందో లేదో అడుగు, అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు. ఫ్లెక్సీ మీద ఫొటో వేసిన ఒక్క పిల్లవాడి ప్యాకేజీ చూసి మురిసిపోకు. నీ బ్రాంచిలో పోయిన ఏడాది ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, అది చెప్పమను. మధ్యాహ్నం రెండు దాటాక పోయి ల్యాబ్ తలుపులు తీసి ఉన్నాయో తాళాలు వేసి ఉన్నాయో చూడు. క్యాంటీన్ దగ్గర మూడో ఏడాది అమ్మాయిని పట్టుకుని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. కంప్యూటర్ సైన్స్ బోర్డు పెట్టి పాఠం చెప్పే సార్లు లేని కాలేజీ కన్నా, మంచి కాలేజీలో ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ), ఎలక్ట్రికల్ (ఈఈఈ) నా దృష్టిలో వంద రెట్లు మేలు. ఈ విషయంలో మీ చిన్నమ్మ నాతో ఒప్పుకోదు, అయినా నా మాట ఇదే.

హన్మకొండ, వరంగల్ చుట్టుపక్కల కాలేజీ అయితే ఇంటి నుంచి తిరగడమా, హాస్టలా అన్నది ఆలోచించు. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు. కాలేజీ బస్సు ఫీజు అంతా మిగులుతుంది. అయితే రోజూ రానూ పోనూ మూడు గంటలు పోతే చదువు ఎప్పుడని అడుగుతావు, అదీ నిజమే. బీసీ హాస్టల్‌లో సీటుకు నేను ఇప్పుడే కనుక్కుంటాను. మొదటి ఏడాది అక్కడుంటేనే నీకు మంచిదని నాకనిపిస్తోంది.

నీకు మ్యాథ్స్ అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. నచ్చిన కాలేజీలో సీటు రాకపోతే, అప్పు చేసి నచ్చని కాలేజీలో చేరడం కన్నా, డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో బీఎస్సీకి ఆప్షన్లు పెట్టు. వడ్డేపల్లిలో పింగిళి మహిళా కాలేజీ ఉంది, కాకతీయ గవర్నమెంట్ కాలేజీ ఉంది, సుబేదారిలో యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది. మూడేళ్ల ఫీజు కలిపినా ప్రైవేటు బీటెక్ ఒక్క ఏడాదికి సరితూగదు. ఇంటర్‌లో నీ మార్కులకు కేంద్రం ఇచ్చే ఏడాదికి 12 వేల స్కాలర్‌షిప్ కూడా చూడవచ్చు. ఆ తర్వాత నిమ్‌సెట్ రాసి వరంగల్ నిట్‌లో ఎంసీఏ, లేదంటే జామ్ రాసి అక్కడే ఎమ్మెస్సీ చేయవచ్చు. దోస్త్‌లో ఇప్పుడే పేరు నమోదు చేసి ఉంచు, రెండు దారులూ తెరిచి ఉండాలి.

ఆడపిల్లకు ఇంత ఖర్చెందుకు, రేపు పెళ్లికి కూడా పెట్టాలి కదా అని మన వాడలో ఎవరో ఒకరు బాపు చెవిలో వేస్తారు. తమ్ముడూ, ఇది నీకే రాస్తున్నాను. బిడ్డ తన కాళ్ల మీద నిలబడితే ఆ ఇంటికీ ఈ ఇంటికీ బలం. ఆ మాటలు అనేవాళ్లకు జవాబు చెప్పాల్సి వస్తే నా దగ్గరికి పంపు.

చిన్నోడి సంగతి రెండు ముక్కల్లో. వాడు వచ్చే ఏడు పదో తరగతి. గవర్నమెంట్ బడిలో చదువుతున్నాడు కాబట్టి బాసర ట్రిపుల్ ఐటీ సీటుకు వాడి మార్కులకు కొంత అదనంగా కలుస్తుంది, అది గుర్తు పెట్టుకోండి. ఇంటర్ వైపు పోతే జేఈఈ మీద మనసు పెట్టమను. వరంగల్ నిట్‌లో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే. లక్ష లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలకు ట్యూషన్ ఫీజు మొత్తం తీసేస్తారు, 5 లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు.

ఇక కాగితాలు. మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ ఈ వారమే పెట్టండి, తహసీల్దార్ ఆఫీసులో రద్దీ పెరగక ముందే. కులం సర్టిఫికెట్, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, మెమోలు, హాల్ టికెట్ ఒక ఫైల్‌లో పెట్టు, ఒక్కోటి నాలుగు జిరాక్సులు తీయించు. పదో తరగతి మెమోలో నీ పేరు, ఆధార్‌లో పేరు అక్షరం అక్షరం పోల్చి చూడు. ఇంటిపేరు ఒకదానిలో పూర్తిగా, ఇంకోదానిలో ఒక్క అక్షరంగా ఉండడం వల్లే స్కాలర్‌షిప్‌లు ఆగడం నేను చూశాను. నీ పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి, దానికి ఆధార్ లింకు ఉండాలి. పాస్‌బుక్ మీద బాపు పేరు ఉంటే పని చేయదు.

స్లాట్ ఏ రోజు దొరికితే దానికి ముందు రోజు సాయంత్రానికి ఇక్కడికి రండి. వెరిఫికేషన్‌కు నేను వెంట వస్తాను, ఆప్షన్లు మన ఇంట్లోనే కూర్చొని పెడదాం. వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్కు మరిచిపోకు. పీఆర్వో మళ్లీ వస్తే నా ఫోన్ నంబర్ ఇచ్చి, పెద్దబాపుతో మాట్లాడమని చెప్పు.

మీ పెద్దబాపు
హన్మకొండ