పాటల ముచ్చట: ముందు వంత రానీయండి, గొంతులు తర్వాత

పోయిన నెల టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో నేనున్న నాలుగేళ్ల గురించి రెండు ముక్కలు రాశాను. మా ఆయన అక్కడ లెక్కలు చూసే ఉద్యోగం చేసేవారు. నాకు పొద్దు పోక వీధి చివరి చర్చిలో గుంపుగా పాడే కోయిర్‌లో చేరాను. అక్కడి భాష స్వాహిలీలో దాన్ని 'క్వాయా' అంటారు, మన కోయిర్ మాటే. పాలమూరు మనిషి అక్కడ పాడిందని చదివి చాలామంది రాశారు. అన్నిటికీ బదులివ్వడం కుదరదు, కొన్నిటికే ఇస్తున్నాను.

*మా బడిలో 22 మంది పిల్లలతో వార్షికోత్సవానికి ఒక స్వాహిలీ జానపదం పాడించాలని మొదలుపెట్టాను. వీడియోలో నాలుగు రకాల గొంతులు వినిపిస్తున్నాయి. మా పిల్లలేమో రెండో లైనుకే ఒకరి వరసలోకి ఒకరు జారిపోతున్నారు. కీబోర్డు ఉంది, వాయించేవాళ్లు లేరు. ఇంకా ఆరు వారాలే టైముంది, టెన్షన్‌గా ఉంది.*
– సంగీతం టీచర్, జడ్చర్ల

చెల్లెమ్మా, కీబోర్డు వాయించేవాళ్లు లేకపోవడం ఒకందుకు మంచిదే. నువ్వు చేస్తున్న తప్పే నేనూ చేశాను. తిరిగొచ్చిన ఏడాది మహబూబ్‌నగర్‌లో ఒక బడివాళ్లు పిలిస్తే వెళ్లి, పిల్లల్ని నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో వరస జిరాక్స్ తీసిచ్చి నెలన్నర రుద్దాను. స్టేజీ ఎక్కాక మూడో గుంపు మధ్యలో ఆగింది. రెండో గుంపు నా మొహం చూసింది. నేను కీబోర్డు మొహం చూశాను.

మరుసటి ఏడాది ప్రాక్టీసు వంటగది పక్క వరండాలో పెట్టారు. ఆయమ్మ మెట్టు మీద కూర్చుని చేటలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. బిజినేపల్లి దిక్కు మనిషి. నేను మొదటి లైను పాడి ఆపానో లేదో, చేట మీంచి తల ఎత్తకుండానే "ఉయ్యాలో" అంది. పిల్లలు పకపకా నవ్వారు. రెండో లైనుకు వాళ్లూ "ఉయ్యాలో" అన్నారు. మూడో లైనుకు నవ్వు పోయింది, తాళం కుదిరింది. దార్‌లో నాలుగేళ్లు నేర్చుకున్నది ఆమె చేటలో కనబడింది నాకు.

అక్కడి పాటకు ప్రాణం వంత. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఆ అందుకునే ముక్కను 'కీతికియో' అంటారు, బదులు పలకడం అనే మాట నుంచి వచ్చింది. ఎత్తుకునేవాళ్లు మాటలు మార్చుకుంటూ పోవచ్చు, మధ్యలో ఊరి సంగతో పెళ్లికొడుకు పేరో ఇరికించవచ్చు. వంత మాత్రం కదలదు. బతుకమ్మ చుట్టూ తిరిగిన పిల్లకు ఇది నేర్పక్కర్లేదు.

ఒక్క తేడా ఉంది, దాని దగ్గరే మనవాళ్లు తడబడతారు. బతుకమ్మలో లైను అయిపోయాక చప్పట్లు, ఆ తర్వాత వంత. అక్కడ అంత ఖాళీ ఇవ్వరు. ఎత్తుకున్నవాళ్ల చివరి అక్షరం ఇంకా గాల్లో ఉండగానే గుంపు అందుకుంటుంది, గుంపు చివరి అక్షరం మీదే వాళ్లు మళ్లీ ఎత్తుకుంటారు. నాట్లు వేసేటప్పుడు ఈ గట్టువాళ్ల పాటను ఆ గట్టువాళ్లు లాక్కున్నట్టు ఉంటుంది. అలా ఒకదాని మీద ఒకటి పడే చోటే రెండు గొంతులు కలిసి మోగుతాయి. నువ్వు వీడియోలో విన్నదాంట్లో సగం ఇదే.

కాబట్టి మొదటి రెండు వారాలు వంత ఒక్కటే పాడించు. నువ్వు ఎత్తుకో, 22 మందీ ఒకే వరసలో అందుకోవాలి. నువ్వు పొరపాటు పడ్డా వాళ్లు ఆగకూడదు. కావాలనే పొరపాటు చెయ్యి, చూడు. తర్వాత పెద్ద పిల్లలు ఆరేడు మందిని పక్కకు తీసి కింది వరస ఇవ్వు. పైవాళ్లు 'గ' మీద ఉంటే వీళ్లు 'స' మీద, పైవాళ్లు 'ప' మీదికి పోతే వీళ్లు 'గ' మీదికి. అంతే, రెండు గొంతులు. పన్నెండేళ్ల పిల్లలకు ఇంతకు మించి వద్దు. మా క్వాయాలో నాలుగు గొంతులుండేవి. సౌతి యా క్వాంజా అంటే ఒకటో గొంతు, అలా నాలుగు దాకా. మాస్టారుకు పియానో లేదు. నోటితో శ్రుతి ఇచ్చి, నల్లబల్ల మీద డో-రే-మీలను పొడి అక్షరాల్లో రాసేవారు. మిషనరీలు తెచ్చిన పద్ధతి అది. నాలుగో గొంతు మగవాళ్లు డ్యూటీలు దిగి ఆలస్యంగా వచ్చేవారు. వచ్చినవాళ్లు "సారీ" అనరు, గేటు దగ్గర్నుంచే తమ వరస పాడుకుంటూ వచ్చి కూర్చుంటారు.

తాళం సంగతి. ఆరు లెక్కపెట్టించు. కాలు ఒకటికీ నాలుగుకూ పడాలి, చప్పట్లు ఒకటికీ మూడుకూ అయిదుకూ పడాలి. కాలు రెండు వేస్తుంటే చేయి మూడు వేస్తుంది. మొదటి రోజు గోల గోలగా ఉంటుంది. వారం తర్వాత అన్నం తింటూ కూడా బల్ల మీద కొడతారు, అమ్మలు నిన్ను తిడతారు.

పలకడం మనకు సులువు. అచ్చులు అయిదే, మన అ, ఎ, ఇ, ఒ, ఉ లాగే తేటగా పలకాలి. మాటలు మనవాటిలాగే అచ్చుతో ముగుస్తాయి. ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. కాగితం తెలుగులోనే రాసివ్వు, ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే 'ఎమ్ టోటో' అని చదువుతారు. ఆ మాట మ్‌-తో-తో, అంటే పిల్లవాడు. ముందున్న 'మ్' అరసున్నలా మింగేది కాదు, దానికి సొంతంగా ఒక దెబ్బ ఉంటుంది. మనిషిని 'మ్‌తు' అంటారు, అందులో ఊనికే 'మ్' మీద. పెదాలు మూసుకునే స్వరం పలకాలి. నాకు నెల పట్టింది, పిల్లలకు ఒక పూట చాలు.

*'బాబా యేతు' అనే పాట స్వాహిలీ జానపదమేనా? మా హాస్టల్లో అందరూ అదే అంటున్నారు.*
– ఇంజినీరింగ్ విద్యార్థి, మిర్యాలగూడ

కాదు బాబూ. అది 2005లో వచ్చిన సివిలైజేషన్ 4 అనే వీడియో గేమ్ కోసం క్రిస్టఫర్ టిన్ అనే అమెరికా స్వరకర్త కట్టినది. మాటలు మాత్రం స్వాహిలీవే, చర్చిలో చెప్పే పరలోక ప్రార్థన. 2011లో గ్రామీ వచ్చింది, వీడియో గేమ్ పాటకు గ్రామీ రావడం అదే మొదలు. మంచి పాట, పాడుకోండి. జానపదం అని మాత్రం బోర్డు మీద రాయకండి.

*అమ్మా, నాకు 78 ఏళ్లు. వనపర్తి రాజావారి దగ్గర ఆఫ్రికా సిపాయిలుండేవారని మా తాత చెప్పేవాడు. మన పెళ్లిళ్లలో కొట్టే మర్ఫా వాళ్లదేనంటారు. మీరు రాసిన స్వాహిలీ పాటకూ దానికీ చుట్టరికం ఉందా?*
– వనపర్తి

పెద్దయ్యా, మీ తాతగారు చెప్పింది నిజమే. ఆ దళం తర్వాత నిజాం దగ్గరికి వెళ్లింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని మనం దిగే చోటు పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. నేనూ చాలాకాలం ఏసీ అంటే చల్లటి మిషనే అనుకున్నాను. మర్ఫాను మనదాకా తెచ్చింది సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికావాళ్లూ యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ. అయితే అది దరువు, క్వాయాలాగా గొంతుల మీద నడిచేది కాదు. అందరు సిద్దీలూ స్వాహిలీ తీరం వాళ్లు కారు, వాళ్లను హబ్షీలని పిలిచింది అబిసీనియా, అంటే ఇథియోపియా, పేరును బట్టి. గుజరాత్ సిద్దీల ఆటను 'గోమా' అంటారు. స్వాహిలీలో 'న్గోమా' అంటే డప్పూ అదే, డప్పుకు ఆడే ఆటా అదే. చుట్టరికం అక్కడ కనబడుతుంది.

మాటల చుట్టరికమైతే ఇంకా దగ్గర. దార్‌లో కూరగాయలమ్మితో మొదటి రోజు బేరం ఆడింది సగం మన మాటలతోనే. డబ్బు పేసా, అంగడి దూకా, రంగు రంగీ, టీ చాయ్, లక్ష లాకీ, సర్కారు సెరికాలీ. అరబ్బు, పార్శీ, హిందీ మాటలు అటూ ఇటూ పడవల్లో తిరిగినవే. పాటలూ తిరిగాయి. జాంజిబార్ దీవి గాయని సితీ బింతి సాద్ 1928లో బొంబాయికి ఓడెక్కి వచ్చి స్వాహిలీ పాటల రికార్డులు ఇచ్చి వెళ్లింది.

*ఒక దేశం జాతీయగీతం జోలపాట నుంచి పుట్టిందని మా అమ్మాయి స్కూల్లో చెప్పారట. నిజమా?*
– గృహిణి, దేవరకొండ

నిజమే, కెన్యాది. తానా నది ఒడ్డున ఉండే పొకొమో అనే జాతి తల్లులు పాడే జోల వరస తీసుకుని, 1963లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కొత్త మాటలు పెట్టారు. విన్నారంటే మీకే తెలుస్తుంది, కవాతు పాటలా ఉరకదు, ఊగుతుంది. ఇంకో తమాషా, స్వాహిలీలో 'లాలా' అంటే నిద్రపో. మన లాలికి దానికీ సంబంధం లేదు, కానీ నేను మా మనవడికి రెండూ కలిపేసి పాడతాను.

*డాన్సు మాస్టారు పిల్లల ముఖాలకు నల్లరంగు పూసి, ఆకుల లంగాలు కడదామంటున్నారు. పాటకు అందం వస్తుందా?*
– మళ్లీ జడ్చర్ల టీచరే, వాట్సాప్‌లో

వద్దు చెల్లెమ్మా, గట్టిగా చెప్పు. క్వాయాలో నేను చూసింది ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు, ఒకే తాను నుంచి కుట్టించుకున్న పూల గౌన్లు. ఎవరో మన బతుకమ్మ ఆడుతూ ముఖానికి చామనఛాయ రంగు పూసుకొస్తే మనకెలా ఉంటుంది? నుంచున్న చోటే కుడికీ ఎడమకూ అందరూ కలిసి ఒక్కడుగు ఊగమను, చాలు. బట్టలు కావాలంటే కాంగా ఉంది. జతగా అమ్మే నూలు గుడ్డ, నాలుగు వైపులా మన చీరకున్నట్టు అంచు, కింద ఒక స్వాహిలీ వాక్యం అచ్చు వేసి ఉంటుంది. ఎదురింటావిడ మీద కోపముంటే దానికి తగిన వాక్యమున్న కాంగా కట్టుకుని ఆమె గుమ్మం ముందు నుంచి నడిచేవాళ్లను చూశాను. నా దగ్గర రెండు జతలున్నాయి, ఒకటి హార్మోనియం మీద కప్పి ఉంది. ముందు వరస పిల్లలకు సరిపోతాయి. ఆదివారం వచ్చి తీసుకుపో, చల్లనీళ్లలో ఉతుకు, రంగు దిగుతుంది.