రాత్రయితే డప్పు ఎందుకు మెత్తబడుతుంది?

ప్రశ్న: దసరా ఉత్సవాల్లో మా పేట కుర్రాళ్లు ఇరవై మంది కృష్ణ ఒడ్డున డప్పు వాయించారు. సాయంత్రం ఖంగుమని మోగిన డప్పులు రాత్రి ఎనిమిది దాటేసరికి మొద్దుబారాయి. జట్టుకు విద్య నేర్పిన పెద్దాయన వరిగడ్డి మంట వేసి అన్నింటినీ కాచారు. అలా కాస్తే తోలు పాడవదా, ప్లాస్టిక్ డప్పులు కొంటే పోదా అని పిల్లలు అడుగుతున్నారు. ఊరేగింపు సాగుతున్నప్పుడు వెనుక వరుస దరువు తప్పింది కూడా. ఎందువల్ల?
– ఒక పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ పెద్దాయన చేసినది సరైన పని. డప్పు కాచడమంటే దానిని శ్రుతి చేయడమే. వీణకు తీగలు బిగించే బిరడాలున్నట్టుగా డప్పుకు ఏమీ లేవు కనుక, వాయించే చోట దాని బిగువును సరిచేసుకోవడానికి మంటే సాధనం.

చెక్క చట్రానికి బిగించిన మేకతోలు గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది. పొద్దు వాలి గాలి చల్లబడే కొద్దీ, అందులో ఉన్న ఆవిరి అంతే అయినా తేమ శాతం పెరుగుతుంది. పైగా మీరున్నది నది ఒడ్డున, వానలు ఇంకా పూర్తిగా వెనుదిరగని రోజుల్లో. తోలు బిగువు నాలుగో వంతుకు పడిపోతే కంపనాల సంఖ్య సగమవుతుంది. తడి వల్ల తోలు బరువెక్కడం దీనికి తోడై స్వరాన్ని మరింత దించుతుంది. సెగ తగిలితే ఆ తేమ పోయి, తోలు ముడుచుకుని మళ్లీ బిగుస్తుంది.

తోలు పాడవుతుందన్న భయం మాత్రం అకారణమైనది కాదు. మంట నాలుకలు తగిలితే తోలు పెళుసుబారి, చిర్ర (డప్పు కొట్టే లావుపాటి పొట్టి కర్ర) దెబ్బకు చిట్లిపోతుంది. అందుకే డప్పును మంటకు ఎడంగా పట్టి, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ కాచాలి. అరచేయి ఓర్చుకోలేని సెగను తోలుకూ పెట్టకూడదు. నడుమ నడుమ వేలితో మీటి, నాదం తేలగానే ఆపేయాలి; ఇంకాస్త బిగుద్దామన్న ఆశతోనే చాలా డప్పులు చిరుగుతాయి.

ప్లాస్టిక్ పొర తేమను పీల్చదు కనుక వాన చినుకుల్లో అది అక్కరకు వస్తుంది. రెండు మూడు కొని ఉంచుకోండి. జట్టంతటినీ మార్చవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. చిర్ర దెబ్బలోని గాంభీర్యం, రెండో చేతిలోని సన్నని సిటికెన పుల్ల పలికించే సన్నని నాదం తోలు మీద విడివిడిగా వినిపించినంత చక్కగా ప్లాస్టిక్ మీద వినిపించవు. ఈ వాద్యాన్ని తరతరాలుగా నిలబెట్టిన మాదిగ కళాకారుల చెవి ఆ తేడాను వెంటనే పట్టేస్తుంది.

ఇక దరువు తప్పడంలో కుర్రాళ్ల దోషం కొంతే. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. 1,223 మీటర్ల పొడవున్న మన ప్రకాశం బ్యారేజీ ఒక కొసన కొట్టిన దెబ్బ రెండో కొసకు చేరడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. ఊరేగింపులో ముందు వరుసకు, వెనుక వరుసకు 35 మీటర్ల ఎడం ఉంటే ఆలస్యం సెకనులో పదో వంతు. నడక దరువులో అది తెలియకపోవచ్చు గాని, దరువు ముదిరినప్పుడు రెండు దెబ్బల మధ్య ఉండే వ్యవధే దాదాపు అంత. విన్నదానిని బట్టి వాయించే వెనుకవాడు, తాను సరిగానే వాయిస్తున్నాననుకుంటూ ఒక దెబ్బ వెనుకబడతాడు, అతని దెబ్బ ముందువారికి చేరేసరికి ఆ ఎడం రెట్టింపవుతుంది.

కాబట్టి దరువు ముదిరే ముందు జట్టును పది మీటర్లలోపు గుంపుగా చేర్చండి. నడిపించే వ్యక్తిని ముందు కాక మధ్యలో నిలిపి, ఆయన చేయి అందరికీ కనిపించేలా వెలుతురు ఏర్పాటు చేయండి. వెలుగుకు ఆలస్యం లేదు కనుక చెవిని కాక కంటిని నమ్ముకుని వాయించడం అలవాటు చేయాలి. మంటను జనానికి దూరంగా, ఇసుక మీద, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని వేయండి. కాచే పని ఈసారి పెద్దాయన ఒక్కరి మీదే పెట్టక, ఇద్దరు కుర్రాళ్లను ఆయన పక్కన కూర్చోబెట్టి, ఏ నాదం దగ్గర ఆపాలో చెవితో నేర్చుకోనివ్వండి.