ఆస్తమా ఉన్న పిల్లాణ్ణి సమ్మర్ క్యాంపుకి పంపితే మందులు ఎవరి దగ్గర ఉండాలి?

బాబుకి తొమ్మిదేళ్లు, ఆస్తమాతో పాటు పల్లీల అలర్జీ, 5 రోజుల క్యాంపుకి పంపాలా వద్దా అని అడిగారు. డాక్టర్ సరేనంటే పంపండి. కానీ ఒక్క సంగతి ముందే తేల్చుకోండి: అర్ధరాత్రి ఆయాసం వస్తే నీలం ఇన్‌హేలర్ ఎక్కడుంటుంది?

మా వాడిని మొదటిసారి పంపినప్పుడు మందులన్నీ ఒక డబ్బాలో పెట్టి, పేరు రాసి, క్యాంపు ఆఫీసులో ఇచ్చి వచ్చాను. రెండో రాత్రి క్యాంప్‌ఫైర్ పొగకి పిల్లికూతలు మొదలయ్యాయి. డబ్బా బీరువాలో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. వెతికి తెచ్చేసరికి వాడు ఒక్క మాట కూడా పూర్తిగా అనలేకపోతున్నాడట. పఫ్‌లు పడ్డాక తేరుకున్నాడు. ఇంటికొచ్చి చెప్తుంటే నాకు కాళ్లు వణికాయి.

మరుసటి ఏడాది డాక్టర్‌ని అడిగి సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు (ఆ నీలంవే) రెండు, వాటికి తగిలించి మందు పీల్చే గొట్టాలు, అంటే స్పేసర్లు, రెండు తీసుకున్నాం. ఒక జత వాడి భుజాన వేసుకునే చిన్న సంచిలో, ఇంకో జత రాత్రి వాడి గదిలోనే పడుకునే సార్ దగ్గర. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఆయనకే ఇచ్చి, పళ్లు తోమే ముందు వేయించమన్నాను, నోరు పుక్కిలించడం ఎలాగూ అయిపోతుంది. ఆయాసం లేదు కదా అని పిల్లలు మానేసేది దాన్నే. రెండూ తారుమారు కాకుండా నీలం దాని మీద 'ఆయాసం వస్తే' అని తెలుగులో రాసి అంటించాను. ఎన్ని పఫ్‌లు, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నది డాక్టర్ చేత ఒక కాగితం మీద రాయించాం. మాట తెగిపోతున్నా, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయకూడదు.

పల్లీల విషయం నిర్వాహకులతో కాదు, వంటాయనతో మాట్లాడండి. మన వంటల్లో అవి ఎక్కడ దాక్కుంటాయో ఆయనకే తెలుసు: ఇడ్లీ చట్నీ, పులిహోర, గుత్తివంకాయ మసాలా, వేపుడు మీద చల్లే పొడి. మా వాడి క్యాంపు వంటాయన "చట్నీ వేయనులే అమ్మా" అన్నారు. అదే గరిటె వేరే గిన్నెలో పెట్టొద్దని కూడా చెప్పాల్సి వచ్చింది. అలర్జీ మాత్ర సెట్రిజిన్ ఉంది కదా అని ధైర్యపడకండి, అది దురదకీ దద్దుర్లకీ. గొంతు బిగిసినా, ఊపిరాడకపోయినా కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. పెన్నులా ఉండే ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో దొరకడం కష్టం కాబట్టి ఏం చేయాలో డాక్టర్‌ని ముందే అడగండి. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, రాత్రిపూట క్యాంపులో బండి ఉంటుందా అన్నదీ కనుక్కోండి.

గదుల్లో దోమల కాయిల్స్ వెలిగిస్తారేమో కూడా అడగండి. మేం దోమతెర పంపాం.

నీలం ఇన్‌హేలర్‌కి ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపే కౌంటర్ ఉంటే బయల్దేరే రోజు అంకె రాసిపెట్టుకోండి. మా వాడిది ఆ 5 రోజుల్లో 6 తగ్గింది, తిరిగొచ్చాక డాక్టర్ మొదట అడిగింది అదే.