మతిమరుపు ఉన్న నాన్నగారు ఆస్పత్రిలో ఒక్కసారిగా మారిపోయారు, డిమెన్షియా ముదిరినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: నాన్నగారికి 78 ఏళ్లు, మూడేళ్లుగా డిమెన్షియా. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. రెండో రాత్రి నుంచి కేకలు, సెలైన్ పీకేయడం, మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం. వార్డులో అడిగితే "మతిమరుపు ముదిరిందమ్మా, అంతే" అన్నారు. రాత్రిళ్లు చేతులు మంచానికి కడుతున్నారు.

నేను 14 ఏళ్లుగా వార్డులో స్టాఫ్ నర్సుని. "ముదిరింది, అంతే" అనే మాట మొదట్లో నేనూ చాలామందితో అన్నాను. మామూలుగా డిమెన్షియా రెండు రోజుల్లో ముదరదండి, దానికి నెలలు, ఏళ్లు పడుతుంది. గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో మనిషి మారిపోయి, పొద్దున కాస్త తేరుకున్నట్టుండి సాయంత్రానికి మళ్లీ అయోమయంలో పడుతుంటే ముందు అనుమానించాల్సింది డెలీరియం. ఒంట్లో ఏదో తేడా చేసి, ఆ దెబ్బ మెదడు మీద పడటం అన్నమాట. డిమెన్షియా ఉన్నవాళ్లకి ఇది ఇట్టే వస్తుంది. పాత జబ్బు చాటున ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు.

నాకు బుద్ధి వచ్చిన రాత్రి ఒకటి చెప్తాను. మతిమరుపు ఉన్న ఒక పెద్దాయన దుప్పటి తన్నేస్తూ, యూరిన్ ట్యూబ్ లాగుతూ, దిగిపోతానని ఒకటే గొడవ. డాక్టర్‌కి ఫోన్ చేసి "పేషెంట్ అస్సలు మాట వినడం లేదు" అన్నాను. నెమ్మదించడానికి ఇంజెక్షన్ రాశారు, వేశాను. కాసేపు మగతగా పడుకుని మళ్లీ మొదలుపెట్టారు. తెల్లవారుజామున సీనియర్ సిస్టర్ వచ్చి, ఏమీ అడక్కుండా ఆయన పొత్తికడుపు మీద చెయ్యి పెట్టింది. నా చెయ్యి కూడా పెట్టించింది. బిగిసిన బంతిలా ఉంది. తొడ కింద ట్యూబ్ మడతపడి ఉంది, రాత్రంతా చుక్క దిగలేదు. మడత తీయగానే బ్యాగులోకి 900 మిల్లీలీటర్లు వచ్చింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి పడుకుండిపోయారు. రాత్రంతా ఆయన ట్యూబ్ లాగి లాగి చూపించింది అదే. నేను బ్యాగు వైపు చూస్తే సరిపోయేది.

కాబట్టి కారణం వెతకమని అడగండి. ఇన్ఫెక్షన్ ఉందా, మూత్రం సరిగ్గా వస్తోందా, విరేచనం అయి ఎన్ని రోజులైంది, నీళ్లు ఎంత తాగుతున్నారు, ఆక్సిజన్, షుగర్, సోడియం ఎంత ఉన్నాయి, కొత్తగా మొదలుపెట్టిన మందులేవి. ఇంట్లో వాడే మందులన్నీ చెప్పండి, జలుబు మాత్రలు, నిద్రమాత్రలతో సహా. కొన్ని పాత రకం జలుబు మాత్రలే ఈ వయసులో అయోమయం తెస్తాయి. రోజూ వేసుకునే నిద్రమాత్ర గానీ, అలవాటున్న మందు గానీ ఆస్పత్రిలో ఒక్కసారిగా ఆగిపోయినా డెలీరియం రావచ్చు. దాచకండి.

మీ నాన్నగారి విషయంలో నేను మొదట చూసేది నొప్పి. "నొప్పిగా ఉందా?" అంటే లేదనే చెప్తారు. మొహం చిట్లించడం, పిడికిళ్లు బిగించడం, పక్కకి తిప్పగానే చెయ్యి విసరడం, ఇవి చూడాలి. కేస్ షీట్‌లో నొప్పి మందు ఎస్ఓఎస్ అని రాసి ఉంటే, అంటే అడిగినప్పుడే ఇవ్వమని, ఆయన అడగలేరు కాబట్టి అది ఆయనకి అందనే అందదు. టైం ప్రకారం ఇచ్చేలా రాయొచ్చా అని డాక్టర్‌ని అడగండి.

"మీకేం తెలుసు" అంటారేమో అని వెనక్కి తగ్గొద్దు. 4ఏటీ అని రెండు నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. మెలకువ ఎలా ఉంది, వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, సంవత్సరం చెప్పగలరా, నెలల పేర్లు వెనక నుంచి చెప్పగలరా, మార్పు హఠాత్తుగా వచ్చిందా అని చూస్తారు. మొత్తం 4 లేదా అంతకు మించి వస్తే డెలీరియం ఉండొచ్చని లెక్క. ఆ చివరిది ఒక్కటి ఉన్నా 4 మార్కులు వచ్చేస్తాయి. "మొన్నటిదాకా ఇలా లేరు" అనే సంగతి వార్డులో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

చేతులు కట్టడం గురించి: నాకు అస్సలు ఇష్టం లేదు. కట్టిన కొద్దీ భయం పెరుగుతుంది, పెనుగులాటలో దెబ్బలు తగులుతాయి. సెలైన్ సూది మీద బ్యాండేజీ చుట్టి పొడుగు చేతుల చొక్కా తొడిగితే కంటికి కనపడదు, సగం గొడవ పోతుంది. ఆ చేతులకి ఒక టవల్ ఇవ్వండి, మడతపెట్టుకుంటూ ఉంటారు. యూరిన్ ట్యూబ్ ఇంకా అవసరమా అని ప్రతి రౌండ్స్‌లోనూ అడగండి. మత్తు ఇంజెక్షన్ అంటే ఎందుకు, ఎన్ని రోజులు అని అడగండి. ఇలాంటప్పుడు తరచుగా ఇచ్చేవి యాంటీసైకోటిక్‌లు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే మందులు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో వాటి వల్ల మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కొత్త రకాల గురించి 2005లో, హాలోపెరిడాల్ లాంటి పాతవాటి గురించి 2008లో హెచ్చరించింది. తనకో పక్కవాళ్లకో ప్రమాదమైనప్పుడు తక్కువ డోసులో వాడాల్సి రావచ్చు, కాదనను. ఆయనది లూయీ బాడీ డిమెన్షియా అయితే మాత్రం ముందే గట్టిగా చెప్పండి, హాలోపెరిడాల్ లాంటివి వాళ్లకి బాగా ప్రమాదం.

చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ "నేనెవర్ని, చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారు. దయచేసి ఆపించండి. ఎదురుగా కూర్చుని, "నాన్నా, నేను ఫలానా, మీ అమ్మాయిని. మీరు ఆస్పత్రిలో ఉన్నారు, కాలికి ఆపరేషన్ అయింది" అని మీరే చెప్పేయండి. ఒక్కో మాట చెప్పి ఆగండి, జవాబుకి టైం పడుతుంది. కళ్లజోడు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు ఇంట్లో బీరువాలో ఉంటే ఈరోజే తెప్పించండి. పగలు కిటికీ తెరిచి, డాక్టర్ ఒప్పుకుంటే కుర్చీలో కూర్చోబెట్టండి.

ఆయన గురించి ఒక కాగితం రాసి మంచం దగ్గర పెట్టండి, మాకు అది బంగారం. తెల్లవారుజామున నాలుగింటికి దిగిపోతానని గోల చేసే ఒకాయన, 20 ఏళ్లు మొదటి బస్సు నడిపిన డ్రైవరని వాళ్లబ్బాయి రాస్తేనే తెలిసింది. ఆ టైంకి వెళ్లి "ఈరోజు మీకు డ్యూటీ లేదండీ" అంటే పడుకునేవారు.

కేకలు ఆగి రోజంతా నిద్రపోతుంటే తగ్గిపోయిందని అనుకోకండి. డెలీరియంలో మందకొడి రకం ఉంది, దాన్ని మేమే ఎక్కువగా వదిలేస్తాం, గొడవ చేయరు కదా. అప్పుడూ పిలవండి.

మళ్లీ గుర్తుపడతారా అన్నారు. కారణం దొరికితే చాలామంది తేరుకుంటారు, కానీ కొందరికి రోజులు, ఒక్కోసారి వారాలు, నెలలు పడుతుంది. కొందరు పూర్తిగా మునుపటిలా అవరు. ఇవాళ రాత్రికి మాత్రం ఎవరినైనా కూర్చోబెట్టి మీరు ఇంటికెళ్లి పడుకోండి. వచ్చేవాళ్లకి ఆ టవల్ సంగతి చెప్పి వెళ్లండి.