నవంబర్ చెరువులో ట్రౌట్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మేం సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాం. ఈ వేసవిలోనే ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టాను. జూన్‌లో చెరువు ఒడ్డున నిలబడి తేలే ఫ్లై (ఈకలు, దారాలు చుట్టి పురుగులా చేసిన గాలం) వేస్తే గంటకు రెండు మూడు రెయిన్‌బో ట్రౌట్ పడేవి. అక్టోబర్ చివరి నుంచి నాలుగు శనివారాలు వెళ్లాను, ఒక్కటీ తగల్లేదు. సీజన్ అయిపోయింది, ఏప్రిల్ దాకా రాడ్ లోపల పెట్టెయ్ అంటున్నారు ఆఫీసులో. నిజమేనా?
– ఒక పాఠకుడు, బోథెల్, వాషింగ్టన్

జవాబు: లోపల పెట్టకండి, దయచేసి. నన్నడిగితే ఏడాది మొత్తంలో ఒడ్డున నిలబడి పట్టేవాళ్లకి ఇంతకంటే మంచి రోజులు లేవు.

ముందు చెరువుకి ఏమైందో చూద్దాం. వేసవిలో పైనీళ్లు వెచ్చగా, అడుగునీళ్లు చల్లగా రెండు పొరలుగా ఉంటాయి, ఒకదాంతో ఒకటి కలవవు. చలి మొదలయ్యాక పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, దానికి నాలుగు రోజులు గట్టి గాలి తోడైతే చెరువంతా కలిసిపోతుంది. అన్నాళ్లూ ఆక్సిజన్ లేకుండా అడుగున మురిగిన నీళ్లు పైకొస్తాయి, చెరువు మసకబారుతుంది, ఒక్కోసారి కుళ్లిన ఆకుల వాసన కూడా వేస్తుంది. ఆ కొద్ది రోజులూ చేప గాలం ముట్టదు. మీ నాలుగు శనివారాల్లో ఒకటో రెండో దానికే పోయుంటాయి, అందులో మీరు చేసిన తప్పేమీ లేదు.

మిగతావి మాత్రం ఫ్లై ఉండాల్సిన చోట లేక పోయాయనుకుంటున్నాను. చెరువు కుదుటపడ్డాక ఆక్సిజన్ పైనుంచి కిందిదాకా ఉంటుంది, నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ ఉంటాయి, రెయిన్‌బోకి అది హాయైన చలి. వేసవి వేడికి లోతుకు పోయిన చేపలన్నీ అప్పుడు ఒడ్డుకొస్తాయి, వాడిపోతున్న నాచు అంచున మూడు నుంచి ఎనిమిది అడుగుల లోతులో తిరుగుతుంటాయి. నీటిమీద వాలే పురుగులు ఈ చలికి దాదాపు ఉండవు కాబట్టి మీ తేలే ఫ్లై కోసం తల ఎత్తే చేపా ఉండదు. దాని తిండంతా కిందే ఉంది: జలగలు, నాచులో పాకే చిన్న రొయ్యల్లాంటివి, బురదలోని ఎర్రటి సన్న పురుగులు.

ఇంటికి తెచ్చుకున్న ప్రతి చేప కడుపూ కోసి, అందులో ఉన్నది తెల్ల సాసర్‌లో నీళ్లు పోసి చూడటం నాకు అలవాటు. పోయిన నవంబర్‌లో ఒకేరోజు రెండు పట్టాను. ఒకదాని కడుపులో బియ్యపు గింజంత రొయ్యలు ముప్పై దాకా ఉన్నాయి, కొన్నింటికి కాళ్లు ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయి. రెండోదాంట్లో బెరడు ముక్కలు, ఒక నల్ల గింజ, అంతే. అది హేచరీ (చేపపిల్లల్ని పెంచి చెరువుల్లో వదిలే కేంద్రం) నుంచి వచ్చి వారం కూడా అయ్యుండదు. పుట్టినప్పటి నుంచి పైనుంచి పడే గుళికల మేతే తిన్న చేప, నీళ్లలో గోధుమరంగులో ఏది కదిలినా మేతే అనుకుంటుంది. ఆ సాసర్ చూశాక ఆ కొత్త చేపల మీద నాకు జాలీ ఇష్టమూ రెండూ పెరిగాయి.

అందుకే చేపలు ఎప్పుడు వదిలారో తెలుసుకుని వెళ్లండి. వాషింగ్టన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఏ చెరువులో ఎన్ని వదిలిందో వెబ్‌సైట్‌లో పెడుతుంది. థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు బ్లాక్ ఫ్రైడే కోసమని కొన్ని చెరువుల్లో ప్రత్యేకంగా వదులుతుంది. కొత్త చేపలు మొదటి రోజుల్లో వదిలిన చోటికి దగ్గర్లోనే, అంటే చాలాచోట్ల బోట్ ర్యాంప్ చుట్టుపక్కల, గుంపుగా తిరుగుతాయి. వాటికి నారింజ, గులాబీ రంగుల్లో మెరిసే ఫ్లై ఏదైనా చాలు. కొన్ని వారాలకి గుంపు చెదిరి, అసలు తిండి నేర్చుకుంటాయి. అప్పుడు ఆలివ్ రంగుదో నల్లదో ఊలీ బగ్గర్, అంటే నీళ్లలో జలగలా కదిలే మునిగే ఫ్లై, కట్టండి, 8 లేదా 10 నంబర్ హుక్.

ఇక లాగడం. ఇది నేర్చుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది, చలికి చేతులు ఊరికే తొందరపడతాయి మరి. మీది మామూలు 9 అడుగుల 5 నంబర్ రాడ్ అయితే సరిపోతుంది, కొనాల్సిందల్లా నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియెట్ లైన్ ఒక్కటే. నీళ్లలో దిగకముందే మొదటి నాలుగుసార్లు ఒడ్డు వెంబడి వేయండి, చాలామంది చేపలున్న చోటే కాళ్లు పెట్టి అవతలికి విసురుతారు. వేశాక మనసులో పది లెక్కపెట్టి లాగండి, ఏమీ తగలకపోతే తర్వాతిసారి ఇరవై, ఆ తర్వాత ముప్పై; ఫ్లైకి నాచు అంటుకుని వస్తే అడుగు తగిలినట్టే, అక్కణ్ణుంచి ఐదు తగ్గించండి. బెత్తెడు లాగి, ఆగి, మళ్లీ బెత్తెడు. ఎక్కువసార్లు ఆగినప్పుడే పట్టుకుంటుంది. జూన్‌లోలాగా గుంజదు, తడిసిన ఆకేదో తగులుకున్నట్టు లైన్ కాస్త బరువెక్కుతుంది. అప్పుడు రాడ్ పైకెత్తకండి, కొన నీటివైపే ఉంచి చేత్తో లైన్ లాగండి. అక్కడ చేప ఉండి నోట పట్టకపోయినా ఫ్లై బెత్తెడు జరిగి మళ్లీ దాని ముందే ఉంటుంది.

పొద్దున్నే లేవక్కర్లేదు. ఒడ్డు నీళ్లు కాస్త వెచ్చబడే పదకొండు నుంచి మూడు దాకా చాలు, నాలుగున్నరకి ఎలాగూ చీకటి పడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇక్కడి నీళ్లలో మన పిల్లలు పోయిన వార్త చదివినప్పుడల్లా నాకు ఆ రోజంతా మనసు బాగుండదు. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా ఈ చల్లటి నీళ్లలో పడితే ముందు ఊపిరి అందదు, తర్వాత చేతులు పనిచేయవు. లైఫ్ జాకెట్ లేకుండా నడుము లోతు దాటొద్దు, ఫ్లోట్ ట్యూబ్‌లో (కూర్చుని తేలే గాలి ట్యూబ్) ఒంటరిగా వెళ్లొద్దు.

ప్రశ్న: అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. నా లైసెన్స్ మీద నాన్నగారు కాసేపు గాలం వేయొచ్చా? మా అబ్బాయికి పదకొండేళ్లు.
– ఒక పాఠకురాలు, రెడ్‌మండ్

జవాబు: వేయకూడదండీ, లైసెన్స్ ఎవరిది వాళ్లకే. 15 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజుల లైసెన్సులు దొరుకుతాయి. మీ అబ్బాయికి అక్కర్లేదు. నాన్నగారు ఎర్రలు గుచ్చి వేస్తానంటే ఇంకో సంగతి చెప్పండి: ఎరతో పట్టిన ట్రౌట్‌ని నీళ్లలో వదిలేసినా ఆ రోజు కోటాలో లెక్కే, చాలా చెరువుల్లో మనిషికి రోజుకు 5. డిసెప్షన్ పాస్ దగ్గరి పాస్ లేక్‌లో ఎరే నిషేధం, ఫ్లై ఒక్కటే, అదీ కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని హుక్‌తో, పట్టినవన్నీ వదిలేయాలి. అలాంటిచోట చేతులు తడుపుకుని, చేపని నీళ్లలోంచి తీయకుండానే హుక్ తప్పించడం మీ అబ్బాయికి ఇప్పుడే నేర్పండి.

ప్రశ్న: ట్రౌట్ పులుసు పెడితే ముక్కలన్నీ విరిగిపోయాయి, మట్టివాసన కూడా వచ్చింది.
– ఒక పాఠకురాలు, సమామిష్

జవాబు: ఇది కొరమీను కాదు, మెత్తటి చేప. ముందు పులుసు బాగా మరిగించి చిక్కబడ్డాక ముక్కలు వేసి ఐదారు నిమిషాలు ఉంచండి చాలు. గరిటె పెట్టొద్దు, గిన్నెని బట్టతో పట్టుకుని తిప్పండి. మట్టివాసన వేసవి నాచు వల్ల ఎక్కువ, నవంబర్ చేపలో బాగా తగ్గుతుంది. చెరువు దగ్గరే కడుపు శుభ్రం చేసి ఐస్‌లో పెట్టుకుని, ఇంటికొచ్చాక ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఆగి కడగండి. చిన్నవైతే పులుసు మాట మానేసి, తోలుతోనే పెనం మీద వేపుకోండి.